ముడి ఎవరిది

పుస్తకాల్లో వాటిని జాతీయ దుస్తులు అంటారు. మా ఇళ్ళల్లో మాత్రం సభబట్టలు అనే పిలుస్తాం. మోకాళ్ళ కిందికి దిగే తెల్లని పొడుగు అంగీ, దాని మీద ముదురెరుపు నడికట్టు, అంతే. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే తీరు. ఏడాదికొకసారి, సంగీత సభ రోజున పెట్టెలోంచి తీస్తాం. చేతికి గడియారం ఉండకూడదు. చప్పుడు చేసే చెప్పులు వేసుకోకూడదు. అంగీ అంచు నేలకి తగలకూడదు. ఇవన్నీ చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతులే, వీటితో ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా నడికట్టు ముడితోనే.

ఆ ముడి ఎవరికి వాళ్ళు వేసుకోకూడదు. ఇంటి మనిషి వెయ్యాలి. ఆడవాళ్ళకి ఆడవాళ్ళు, మగవాళ్ళకి మగవాళ్ళు. ఇంటి మనిషి ఎదురుగా నిలబడి కడుతుంది. అలా కడితే ముడి కొస ఎడమ పక్కకి వాలుతుంది. ఇంట్లో కట్టేవాళ్ళు లేకపోతే పరాయివాళ్ళ చేత కట్టించుకోవచ్చు, తప్పు లేదు, కానీ పరాయివాళ్ళు వెనక నిలబడి కట్టాలి. అప్పుడు కొస కుడి పక్కకి పడుతుంది.

సభ తలుపు దగ్గర ఒక పెద్దావిడ నిలబడుతుంది. ఆవిడని అందరం తలుపు పెద్దమ్మ అంటాం. కొస ఎడమకి ఉన్నవాళ్ళని చూసి నవ్వి, "ముడి ఎవరిది?" అని అడుగుతుంది. "మా అమ్మది", "మా అక్కది" అని చెప్పి లోపలికి వెళ్ళాలి. కొస కుడికి ఉన్నవాళ్ళని ఏమీ అడగదు. "రండి" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో మెత్తలు వేసిన కుర్చీల్లో కూర్చోబెడుతుంది. అది మర్యాదే. ఇంట్లో ఎవరూ లేనివాళ్ళకి సభలో అందరికన్నా మంచి చోటు ఇవ్వాలని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి. కాదనను. కానీ ఆ మర్యాద చేసేటప్పుడు మనుషులు గొంతు తగ్గిస్తారు. ఆ తగ్గిన గొంతు నేను పడలేను.

పెళ్ళికి ముందు మా అమ్మ కట్టేది. పెళ్ళయ్యాక మా అత్తగారు కట్టేది. ఆవిడ చెయ్యి బరువు, కడితే ఊపిరాడేది కాదు. "ఇంత గట్టిగా ఎందుకత్తయ్యా" అంటే, "సభ అయ్యేదాకా నువ్వు నా చేతిలోనే ఉన్నట్టు" అనేది. ఆవిడ పోయాక నేను ముందు వరసలోకి వెళ్ళిపోయాను. మా ఆయన ఉన్నా లాభం లేదు, మగవాడు కట్టకూడదుగా. తర్వాత ఆయనా పోయాడు. ఆ మెత్తల కుర్చీలో కూర్చుని ఎన్ని సభలు చూశానో లెక్కపెట్టుకోలేదు. వెనక వరసల్లో ఆడవాళ్ళు నవ్వుకుంటుంటే మెడ తిప్పి చూడాలనిపించేది. ముందు వరసలో వాళ్ళు మెడ తిప్పితే బాగుండదు.

ఆ తర్వాత మా ఇంటికి కోడలు వచ్చింది.

మొదటి ఏడు ఆ అమ్మాయికి కట్టడం రాలేదు. మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పింది. "అత్తయ్యా, మీరు కదలకండి, మీరు కదులుతున్నారు" అంది. నేను కదల్లేదు, ఏడుస్తున్నాను. ఆ సాయంత్రం తలుపు పెద్దమ్మ "ముడి ఎవరిది?" అని అడిగితే, వెనక వీధిలో వాళ్ళకి కూడా వినపడేలా "మా కోడలిది" అన్నాను. పదేళ్ళ పైన, ప్రతి సభకీ అలాగే అన్నాను.

ఈ ఏడు సభ శనివారం. ఆ ముందు మంగళవారం నాడు కోర్టు కచేరీలో మా అబ్బాయీ కోడలూ సంతకాలు పెట్టి విడిపోయారు.

ఎవరిది తప్పు అని అడుగుతారు అందరూ. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు, తాగడు, గొంతెత్తడు. ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది, ఒకరిని నొప్పించే మాట అనదు. ఒకే ఇంట్లో ఉండి ఒకళ్ళకొకళ్ళు తగలకుండా నడవడం నేర్చుకున్నారు. వాడు వంటగదిలోకి వస్తే ఆమె వసారాలోకి వెళ్ళేది. పోట్లాడితే సర్దిచెప్పేదాన్ని. పోట్లాట లేని చోట నేనేం సర్దను? మూణ్ణెల్ల కిందట కోడలు దుకాణం పైన గదిలోకి మారిపోయింది. మంగళవారంతో ఆ మిగిలిన కాగితం పనీ అయిపోయింది.

బుధవారం పొద్దున్నే కళ్ళజోడు పట్టుకుని దుకాణానికి బయల్దేరాను. ఒక పక్క చెవి కొమ్మ వదులైందని సాకు. నిజంగానే వదులైంది, రాత్రంతా నేనే అటూ ఇటూ వంచాను కాబట్టి.

దుకాణం ఇరుకు. ముందు గాజు బల్ల, దాని వెనక గోడకి చిన్నవీ పెద్దవీ అక్షరాల బోర్డు. పక్కగా అరగదీసే చక్రం, దాని మీద సన్నగా నీళ్ళు కారుతూ ఉంటాయి. కోడలు ఒక అద్దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చక్రానికి ఆనిస్తోంది. చేతుల నిండా తెల్లని బురద. బల్ల ముందు ఒక ముసలాయన నిలబడి సణుగుతున్నాడు.

"ముక్కు మీద గుచ్చుకుంటోందమ్మా. నిన్నా చెప్పాను."

"నిన్న సరిచేశాను కదా తాతగారూ."

"నిన్న ఎడమ పక్క గుచ్చుకుంది. ఇవాళ కుడి పక్క."

"ఇవాళ ఇదీ సరిచేస్తాను. రేపు మధ్యలో గుచ్చుకుంటే మాత్రం నన్ననకండి. నేను జోడే మార్చగలను, ముక్కు మార్చలేను."

ముసలాయన నవ్వుకుంటూ వెళ్ళాడు. కోడలు చేతులు కడుక్కుని వచ్చి, నా చేతిలో కళ్ళజోడు తీసుకుంది. సీసా మూతలో పోసి ఉన్న మరల్లోంచి ఒకటి ఏరి, సూదంత స్క్రూడ్రైవరుతో బిగించింది. నా మొహానికి పెట్టి, రెండు చేతులతో చెవుల వెనక సర్ది, ఒకడుగు వెనక్కి వేసి చూసింది.

"ఎవరు వంచారు దీన్ని?"

"అదే వంగింది."

"అదే వంగితే ఒక పక్కకే వంగుతుంది. ఇది అన్ని పక్కలకీ వంగింది." మళ్ళీ తీసి బిగించింది. "ఏమిటి సంగతి, చెప్పండి."

"సభ శనివారం."

"తెలుసు."

"మరి..."

కోడలు నా కళ్ళజోడు అద్దాలు గుడ్డతో తుడుస్తూ ఉంది. తుడిచిందే తుడుస్తోంది.

"నేనిప్పుడు మీ ఇంటి మనిషిని కాను కదత్తయ్యా."

"కాగితం మీద కాకపోతే ఏం?"

"అదీ కాగితం మీదే మొదలైంది కదా."

"నాతో నీకు ఏ కాగితం ఉంది? నేనే సంతకం పెట్టానా?"

ఆమె అక్షరాల బోర్డు వైపు చూసింది. అటే చూస్తూ, "వచ్చే వారం నన్ను వేరే ఊరి దుకాణానికి పంపుతున్నారు. శనివారం మధ్యాహ్నం బస్సు. నా పెట్టె ఒకటి మీ ఇంట్లో ఉండిపోయింది. దానికి ఎలాగూ రావాలి. వచ్చి కడతాను" అంది.

ఏ ఊరని అడగలేదు. అడిగితే దూరం తెలుస్తుంది.

వస్తానంది, అదే చాలనుకుని ఇంటికి వచ్చాను. కానీ ఆ పూట నుంచే కొత్త బెంగ పట్టుకుంది. తలుపు దగ్గర ముడి ఎవరిదని అడిగితే ఏమనాలి? మా కోడలిది అంటే, కోడలు కాదుగా. మా అమ్మాయిది అంటే, మీకు అమ్మాయెక్కడుంది అంటారు. బట్టలు తడుపుతూ, బియ్యం ఏరుతూ అదే అనుకుంటున్నాను. ఒకసారి పైకే అనేశాను కాబోలు, మా అబ్బాయి గది గుమ్మంలోకి వచ్చాడు. చేతులకి నల్లని జిడ్డు, భుజాన పనిముట్ల సంచి.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?"

"తలుపు పెద్దమ్మతో."

వాడికి అర్థమైంది. సంచి దించి కూర్చున్నాడు. "ఈ ఏడు మానెయ్యి. వెళ్ళకపోతే ఏమవుతుంది?"

"మొదటి పాట ఎవరు ఎత్తుకుంటారు? పాత బృందంలో మిగిలిందే ముగ్గురం. ఒకావిడకి గొంతు లేదు, ఒకావిడకి పాట గుర్తు లేదు."

"అయితే ఎవరి చేతనైనా కట్టించుకో. ఊడిపోకపోతే చాలు కదా."

"నీకు అన్నీ అంతే. లిఫ్టు ఆగిపోకపోతే చాలు. లోపల ఎక్కినవాళ్ళు ఏమనుకుంటున్నారో నీకక్కర్లేదు."

అనకుండా ఉండవలసింది. వాడు జిడ్డు చేతుల వైపు చూసుకుంటూ, "లోపల ఎక్కినవాళ్ళు పైకి చెప్పాలి కదమ్మా" అన్నాడు. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

శనివారం పొద్దున అంగీ ఇస్త్రీ చేశాను. ఆసుపత్రి చాకలి విభాగంలో దుప్పట్లు ఇస్త్రీ చేసీ చేసీ నా వేళ్ళు వంకర తిరిగిపోయాయి, కానీ ఇస్త్రీపెట్టె పట్టుకుంటే మాత్రం అవి నా మాట వింటాయి. నడికట్టు దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ చేసేదే చేశాను. బట్టంతా ఇస్త్రీ చేసి, ఎడమ పక్క ఒకచోట మాత్రం వదిలేశాను. అక్కడ ఏటేటా పడిన ముడి మడతలు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పడి ఆ చోట రంగు కూడా వెలిసింది.

మా అబ్బాయి కోడలి పెట్టెని వసారాలోకి తెచ్చి తాడు కడుతున్నాడు. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి ఇద్దరూ ఒక్కసారి "ఆ" అన్నారు, పలకరింపుకి బదులు.

"కప్పులు కూడా పెట్టాను. కాగితాల్లో చుట్టి" అన్నాడు వాడు.

"అన్నీ ఎందుకు? నాకు రెండు చాలు."

"మాకు మాత్రం అన్నెందుకు?"

"ఎవరైనా వస్తే."

"ఎవరొస్తారు?"

ఆమె నవ్వబోయి ఆగింది. "తాడు వదులుగా కట్టకు. మెట్ల మీద జారుతుంది."

"తెలుసు. నా పనే అది." వాడు తాడు ఇంకో చుట్టు తిప్పి బిగించాడు. "బస్సు దాకా నేను తెస్తాలే. కింద ఉంటాను." పెట్టె భుజాన పెట్టుకుని, ఆమె వైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు. ప్రతి మెట్టు మీదా ఆగి ఆగి దిగడం వినపడింది. ఆ పెట్టె అంత బరువుది కాదు.

గదిలోకి వచ్చి తలుపు చేరవేసుకున్నాం. అంగీ తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎప్పుడూ అక్కడే నిలబడతాను, వెలుతురు బాగుంటుందని. కోడలు నడికట్టు అందుకుని, దులిపి, కొసలు సరిచూసింది. నేను చేతులు కాస్త ఎత్తి, ఆమె నా ఎదుటికి వస్తుందని చూస్తున్నాను.

ఆమె నా వెనక్కి వెళ్ళింది.

మొదట ఏదో సర్దడానికి వెళ్ళిందనుకున్నాను. రెండు చేతులూ నా పక్కల నుంచి ముందుకి వచ్చాయి, నడికట్టుతో సహా.

"ముందుకి రామ్మా" అన్నాను.

"ఇక్కడే బాగుందత్తయ్యా."

"ఏం బాగు? నువ్వెప్పుడన్నా నా వెనక నిలబడ్డావా?"

"తలుపు దగ్గర అడిగితే ఏం చెబుతారు?"

"మా కోడలిదని చెబుతాను. నాకేం భయం?"

"మీకు అబద్ధం రాదత్తయ్యా. పక్కింటావిడకి పంచదార లేదని చెప్పిన రోజున చెవులు రెండూ ఎర్రగా అయిపోయాయి. ఆవిడ మీ చెవులు చూసి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది, చివరికి ఇచ్చి పంపారు."

నవ్వొచ్చింది. నవ్వుతుంటే కడుపు కదిలింది, ఆమె చేతులు ముడి దగ్గర ఆగాయి.

"నువ్వు ముందుకి వచ్చి కట్టు. ఏమీ చెప్పను. ఊరికే తలూపుతాను."

"వద్దు." గొంతు నా చెవి పక్కనే ఉంది. "ముందు నిలబడితే మీ మొహం చూడాలి. మీ మొహం చూస్తూ కడితే నేను బస్సు ఎక్కను."

ఆమె గడ్డం నా భుజానికి తగులుతోంది. నడికట్టు నడుం చుట్టూ తిరిగింది, ఒకసారి, ఇంకొకసారి. మా అత్తగారిలా బిగించలేదు. ముడి పడ్డాక కూడా ఆ చేతులు కాసేపు అక్కడే ఉన్నాయి. అద్దాలు అరగదీసి ఆ వేళ్ళ చివర్లు గరుకుగా ఉంటాయి, ఎప్పుడూ కాస్త చల్లగా ఉంటాయి.

"అయింది" అంది.

గుమ్మం దగ్గర, "వెళ్ళొస్తానత్తయ్యా" అంది. అన్నాక తనకే తోచి, కిటికీ మీద ఉన్న నా కళ్ళజోడు పెట్టెని అక్కర్లేకపోయినా సర్ది, వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె అడుగులు గబగబా దిగాయి. తర్వాత ఇద్దరి అడుగులు వీధిలోకి వెళ్ళాయి.

సభ సాయంత్రం. నేను ముందే బయల్దేరాను, ఇంట్లో కూర్చోలేక. వీధి చివర దర్జీ దుకాణం మూసి ఉంది, గాజు తలుపులో నా నీడ కనిపించింది. తెల్లని అంగీ, ఎర్రని నడికట్టు, కుడి పక్కకి వాలిన కొస. ఆ కొసని చూస్తూ నిలబడ్డాను. మెత్తల కుర్చీ గుర్తొచ్చింది. తగ్గిన గొంతులు గుర్తొచ్చాయి. ఇవాళ్టితో మళ్ళీ అక్కడికే, ఇంక ఎప్పటికీ అక్కడే.

చీర కట్టే రోజుల అలవాటు కొద్దీ నా సంచీలో ఎప్పుడూ ఒక పిన్నీసు ఉంటుంది. తీశాను. కొసని ముడి కింద నుంచి ఎడమ పక్కకి తిప్పి, మడత లోపల కనపడకుండా పిన్ను గుచ్చాను. గాజు తలుపులో చూసుకున్నాను. ఎడమకే ఉంది. ఎవరు చూసినా ఎడమకే ఉంది. అబద్ధం రాదంది కదా, చూద్దాం అనుకున్నాను. ఆమె మీద కోపం కూడా వచ్చింది, వెనక నిలబడినందుకు.

సభా మందిరం ముందు వరస అప్పటికే పెరిగింది. నా వెనక వచ్చి చేరింది రేడియో వదిన. ఆవిడ మా వీధే. ఒక మాట ఆవిడ చెవిన పడితే ఊరంతా మోగుతుందని ఆ పేరు పెట్టారు. పేరు ఆవిడకి తెలుసు, బాధ కూడా లేదు.

"ఏం వదినా, చక్కగా తయారయ్యావు" అంటూ నన్ను పై నుంచి కిందికి చూసి, నడుం దగ్గర ఆగింది. "ఓహో. ఎడమకే ఉందే."

నేను ముందుకి చూస్తున్నాను.

"అంటే వస్తోందన్నమాట ఇంకా."

"ఎవరు?"

"ఎవరంటావేం, నీ కోడలు. సంతకాలు అయిపోయాయి అంటే నేను మా ఇంట్లో అన్నాను, కాదు, ఆ పిల్ల ఒక కాలు లోపలే పెట్టుకుంది, చూస్తూ ఉండండి అని. చూడు, నిజమైందా లేదా."

"అదేం లేదు వదినా."

"నీ ముడే చెబుతుంటే నువ్వు లేదంటావేమిటి. తప్పని నేననడం లేదు. పాపం, పాత ఇల్లు అంత తేలిగ్గా వదలదు. కానీ ఆ పిల్ల వెళ్ళే ఊళ్ళో మా చెల్లెలి ఆడపడుచు ఉంది. రేపెవరైనా మంచి సంబంధం అంటూ అడిగితే చెప్పాలి కదా, పూర్తిగా తెంచుకుని రాలేదు, అత్తగారికి ఇంకా ముడి వేస్తోంది, కాస్త ఆలోచించుకోండి అని. వాళ్ళ మంచికే."

వరస ఒకడుగు కదిలింది. నేను కదల్లేదు. నా వెనక రేడియో వదిన మోచెయ్యి తగిలింది, అప్పుడు కదిలాను.

ముందు ఇద్దరమ్మాయిలున్నారు. తలుపు పెద్దమ్మ నవ్వుతూ అడుగుతోంది. "ముడి ఎవరిది?" "మా అక్కది." "మరి నీది?" "మా చెల్లెలిది. మేమే ఒకళ్ళకొకళ్ళం." పెద్దమ్మ గట్టిగా నవ్వింది. తర్వాత నా వంతు.

మడతలోకి వేళ్ళు పోనిచ్చాను. ఆ వంకర వేళ్ళకి పిన్నీసు తొందరగా దొరకలేదు. దొరికాక ఊడలేదు. ఒక వేలికి గుచ్చుకుంది. ఎలాగో లాగేసి, పిన్ను గుప్పిట్లో పట్టుకున్నాను. కొస తనంతట తనే జారి కుడి పక్కకి పడింది.

"అదేమిటి వదినా" అంది వెనక రేడియో వదిన.

తిరిగి ఆవిడ మొహంలోకి చూశాను. "నా కోడలు వెళ్ళిపోయింది. పూర్తిగా వెళ్ళిపోయింది. వెనక నిలబడి కట్టి వెళ్ళింది. ఎడమకి పెట్టుకున్నది నేను. మీ చెల్లెలి ఆడపడుచుకి చెబితే ఈ మాట కూడా చెప్పు. ముసలిదానికి బుద్ధి లేక పిన్ను పెట్టుకుందని చెప్పు."

ఆవిడ నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకుంది. నాకు తెలిసి మొదటిసారి. కాసేపటికి నా వేలి మీద నెత్తురు చుక్క చూసి, తన చేతిరుమాలు తీసి ఇచ్చింది.

తలుపు పెద్దమ్మ అంతా విన్నది. వినలేదన్నట్టే నిలబడి ఉంది. ఆవిడ నన్నేమీ అడగలేదు. మూడు రాత్రులు నన్ను నిద్రపోనివ్వని ఆ ప్రశ్న ఆవిడ నోట రాలేదు. ఒక్కసారి అడిగితే బాగుండునని అప్పుడనిపించింది. చెప్పడానికి నా దగ్గర పేరుంది, బంధుత్వమే లేదు. గుమ్మంలో ఒక్క క్షణం అలాగే ఆగిపోయాను.

"రండి" అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి. చెయ్యి పట్టుకుంది.

మెత్తల కుర్చీలు మార్చారు. పాతవి గోధుమరంగు, ఇవి నీలం. కూర్చుంటే అంతే లోతుకి దిగుతాయి. దీపాలు తగ్గాక నిలబడి మొదటి పాట ఎత్తుకున్నాను. గొంతు ఒకచోట బొంగురుపోయింది, కానీ మళ్ళీ అందుకుంది. వెనక వరసలన్నీ అందుకున్నాయి. మెడ తిప్పి చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి మా అబ్బాయి వసారాలో కూర్చుని ఉన్నాడు. వాడి ముందు కాగితంలో చుట్టిన కప్పులు రెండు ఉన్నాయి.

"రెండే చాలంది, మిగతావి ఇచ్చేసింది. నాలుగు లోపల పెట్టాను. ఇవి పగిలిపోయాయి" అన్నాడు. "తాడు బిగువుగానే కట్టాను. నేనే ఒక మెట్టు తప్పాను."

"బస్సు దొరికిందా?"

"దొరికింది. కిటికీ పక్కన కూర్చుంది." ఇంకేదో చెప్పబోయి, నా నడుం వైపు చూసి, "అది ఎవరు విప్పుతారు? పక్కింటావిడని పిలవనా?" అన్నాడు.

ఇంటి మనిషి వేసిన ముడి లోపలికి రెండు మడతలు దూర్చి బిగిస్తారు. వేసినవాళ్ళే విప్పాలి, ఇంకొకళ్ళకి అంత తొందరగా దారి దొరకదు. మా అత్తగారి ముడి విప్పడానికి ఆవిడే పళ్ళతో లాగేది. నా వేళ్ళకి ఏ ముడీ రాదు. ఈ సంగతి నేను పొద్దున్నించీ ఆలోచించనే లేదు. ఎలా కట్టించుకోవాలనేదే తప్ప, ఎవరు విప్పుతారన్నది తోచలేదు.

"ఉండు, చూస్తాను" అని గదిలోకి వెళ్ళాను.

కిటికీ దగ్గర నిలబడి ముడి తడిమాను. లోపలికి మడతలేమీ లేవు. ఒకే ఒక్క మెలిక వేసి, కొసని వేలు పట్టేంత బయటికి వదిలింది. పట్టుకుని లాగాను. అంతే, మొత్తం ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

అంత వదులు ముడి సాయంత్రమంతా ఎలా నిలిచిందో. నేనొక్కదాన్నే ఉంటానని, వేళ్ళు వంకరని, పక్కింటావిడని పిలవడం నాకు ఇష్టం ఉండదని, వెనక నిలబడి ఇవన్నీ అనుకుంటూ కట్టి ఉంటుంది. ఆ చేతులు ముడి దగ్గర అంతసేపు ఉన్నది అందుకే కాబోలు.

"వచ్చిందా అమ్మా?" బయట నుంచి అడిగాడు వాడు.

"వచ్చింది" అన్నాను.

నడికట్టు ఎత్తి మంచం మీద పరిచాను. ఇస్త్రీపెట్టె పెట్టాను, పెట్టెలో దాచేముందు ఒకసారి సాపు చెయ్యడం అలవాటు. కుడి పక్క ముడి పడిన చోటు వెతికాను. అక్కడ మడత పడలేదు. ఎక్కడ కట్టిందో కూడా తెలియనంత మెత్తగా కట్టింది. ఎడమ పక్క మాత్రం ఆ పాత మడతలన్నీ అలాగే ఉన్నాయి.

బట్టంతా ఇస్త్రీ చేశాను. ఆ చోటు వదిలేసి, మడిచి, పెట్టెలో పెట్టాను.